జిమ్నీకి పెద్ద టైర్లు: ఆ రెండు సెంటీమీటర్ల లెక్క

ఆఫ్‌రోడ్ బండి కొన్నవాళ్లందరూ మొదటి నెలలో చేసే పని ఒకటుంది. బండిని పక్క నుంచి ఫొటో తీసి, చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఖాళీని జూమ్ చేసి చూసుకుంటారు. ‘ఇంత ఖాళీ ఎందుకు వదిలేశారబ్బా’ అనిపిస్తుంది. ఇక అక్కడి నుంచి రాత్రంతా పెద్ద టైర్ల రీల్సే. 2023 జూన్‌లో మారుతి జిమ్నీ మార్కెట్లోకి వచ్చాక ఈ జబ్బు ఇంకా ముదిరింది. బండి చిన్నది, టైర్లు సన్నవి. చూసిన ప్రతివాడికీ ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది.

నాదీ జిమ్నీయే. ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇల్లు పల్నాడులో. ఊరి నుంచి మూడు కిలోమీటర్ల డొంక దాటితే మా మిర్చి చేను. నిరుడు నాన్నకు మోకాలి ఆపరేషన్ అయింది, బైకు జోలికి వెళ్లొద్దన్నారు డాక్టరు. చేను చూడకుండా ఆయన రోజు గడవదు. వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికిన వారాల్లో పొద్దున్నే ఆయన్ని చేను దాకా తీసుకెళ్లి, స్టాండప్ మీటింగ్ టైముకు ఇంటికి చేరడం నా డ్యూటీ. డొంకంతా నల్లరేగడి, మధ్యలో చిన్న వాగు. కంపెనీ ఇచ్చిన టైర్లు ప్రధానంగా రోడ్డు కోసం చేసినవి. తడి డొంకలో వాటి పట్టు చాలదు. కాబట్టి మార్చాలి, అందులో అనుమానం లేదు. ఎంత పెద్దవి వేయాలన్నదే ప్రశ్న.

హైదరాబాద్‌లో టైర్ల షాపతనికి ఆ ప్రశ్న కూడా లేదు. “235 వేస్కో అన్నా, లుక్కు మస్తుంటది. చిన్న లిఫ్ట్ కిట్ గూడ ఏపిస్తే ఇగ చూస్కో!”

చూసుకుందామనే లెక్క మొదలుపెట్టా. జిమ్నీ టైరు మీద 195/80 ఆర్15 అని ఉంటుంది. 195 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే టైరు పక్కగోడ ఎత్తు, ఆ వెడల్పులో 80 శాతం. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే లైనులో మిల్లీమీటర్, శాతం, అంగుళం కలిపేశారు! మేం కోడ్ ఇలా రాస్తే మా లీడ్ ఊరుకోడు. సరే, లెక్క కడితే మొత్తం చక్రం వ్యాసం 693 మి.మీ. అదే 215/75 ఆర్15 వేస్తే 703.5. షాపతను చెప్పిన 235/75 ఆర్15 అయితే 733.5. అంటే మొదటిది ఒకటిన్నర శాతం పెద్దది, రెండోది దాదాపు 6 శాతం.

ఆరు శాతమేగా అనుకోవచ్చు. కానీ బండిలో చాలా భాగాలు ఆ 693ని నమ్ముకునే తయారయ్యాయి. సాఫ్ట్‌వేర్‌లో పదేళ్ల కిందట ఎవరో హార్డ్‌కోడ్ చేసిన నంబర్ లాంటిదది. దాన్ని కదిపితే ఎక్కడెక్కడో బగ్స్ లేస్తాయి. చక్రం పెద్దదైతే గేరింగ్ అంతే శాతం మారుతుంది. జిమ్నీది 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, టార్క్ 134 న్యూటన్ మీటర్లు. అసలే కండ తక్కువ. పెద్ద చక్రం వేస్తే ప్రతి గేరులోనూ బండి కాస్త బరువుగా లాగుతుంది. ఘాట్‌లో దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగూ ఆ మేరకు తగ్గుతుంది. బ్రేకు డిస్కు మారదు కానీ, అది ఆపాల్సిన చక్రం పెద్దదీ బరువైనదీ అవుతుంది. పెడల్ అంతే తొక్కినా రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. పల్నాడు రోడ్ల మీద గేదెలు ఎప్పుడు అడ్డం వస్తాయో తెలిసినవాడిని, ఇది నాకు చిన్న విషయంగా అనిపించలేదు.

స్పీడోమీటర్ సంగతి సరదాగా ఉంటుంది. మామూలుగా అది నిజం కంటే కాస్త ఎక్కువే చూపించేలా తయారుచేస్తారు. పెద్ద టైరు వేస్తే ఆ ఎక్కువ కాస్తా కరిగిపోతుంది, కొన్నిసార్లు తిరగబడుతుంది. ఓడోమీటర్ మాత్రం వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 945 దగ్గర ఆగుతుంది. మైలేజీ పడిపోయిందని గోలపెట్టేవాళ్లలో కొందరి బాధకు సగం కారణం ఇదే.

వీటన్నిటికీ ముందు చూడాల్సింది రిమ్ము. జిమ్నీ రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు. 215/75 టైరుకు అది కనీస కొలత, సరిపోతుంది. 235/75 టైరుకు కనీసం 6 అంగుళాల రిమ్ము ఉండాలి. పాత రిమ్ముకే ఎక్కించి పంపే షాపులున్నాయి. ఆ ఒక్క కారణం చాలు వద్దనుకోవడానికి. కొత్త రిమ్ములు కొందామంటే నాలుగు కాదు, ఐదు కొనాలి. 4హెచ్‌లో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే లెక్కన తిరగాలి కాబట్టి స్పేర్ కూడా అదే సైజు ఉండి తీరాలి. ఆ బరువంతా మోసేది పాపం వెనక తలుపు కీళ్లు.

మా ఆఫీసు మిత్రుడొకడు 235 వేయించుకున్నాడు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు చక్రం గోతిలో దిగితే గర్‌ర్‌మని ప్లాస్టిక్‌కి రాసుకుంటుంది. ఆ చప్పుడు కూడా ఆఫ్‌రోడింగ్‌లో భాగమే అంటాడు వాడు. వాడి ఇష్టం. రిజిస్ట్రేషన్‌లో ఉన్న తయారీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. నేనైతే 215 గురించి కూడా ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకున్నా.

ఇన్ని లెక్కలు వేశాక కూడా, నిజం చెప్పాలంటే, ఫొటోల్లో 235 అందంగానే కనిపిస్తోంది. తేల్చింది మాత్రం రెండు చెక్కలు.

చక్రం వ్యాసం 40 మి.మీ. పెరిగితే బండి లేచేది అందులో సగం, 20 మి.మీ. మా పశువుల కొట్టంలో సరిగ్గా ఆ మందం చెక్కలు రెండు దొరికాయి. నాన్న కూర్చునే ఎడమవైపు చక్రాలు రెండిటినీ వాటి మీదికి ఎక్కించి, “ఒకసారి ఎక్కి చూడు నాన్నా” అన్నా. హ్యాండిల్ పట్టుకుని ఎక్కారు. దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు గాలిలోనే ఆగింది. నేల కోసం వెతికింది. రెండు సెంటీమీటర్లే. ఆయన చెయ్యి నా భుజం మీద పడ్డాక గానీ కాలు కిందపెట్టలేదు.

“బాగానే ఉందిరా అబ్బాయ్, నీకు నచ్చింది వేయించుకో” అన్నారు. లిఫ్ట్ కిట్ కూడా వేస్తే ఇంకో ఐదు సెంటీమీటర్లు. చెక్కలు తీసి కొట్టంలో పడేశా.

215/75 ఆల్ టెర్రైన్ టైర్లు ఐదు తీసుకున్నా. కొనే ముందు టైరు పక్కన నాలుగంకెల నంబరు చూడండి. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. షాపులో ఎన్నాళ్లు మూలన పడుందో అదే చెప్పేస్తుంది.

సైజు కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది గాలి. వాగులో ఇసుక దగ్గర టైర్లలో 18 పీఎస్‌ఐకి తగ్గిస్తే నేలకు ఆనుకునే భాగం పొడవుగా పరుచుకుంటుంది. అంతకుముందు కూరుకుపోయిన చోటే బండి నెమ్మదిగా నడిచిపోయింది. గాలి తగ్గించి ఉన్నంతసేపూ మెల్లగానే పోవాలి, గట్టిగా మలుపు తిప్పకూడదు. తారు రోడ్డు ఎక్కేలోపు మళ్లీ నింపాలి. దానికి కారు సాకెట్‌లో పెట్టే చిన్న కంప్రెసర్ చాలు. షాపతను దాని ఊసే ఎత్తలేదు మరి.

రేగడి మాత్రం వేరే సంగతి. బాగా తడిసిన రేగడిలో ఏ ఆల్ టెర్రైన్ టైరైనా పది గజాల్లో గట్లన్నీ మట్టితో పూడిపోయి నున్నటి గారెలా తయారవుతుంది. మడ్ టైర్లయితే మట్టిని విదిలించుకుంటాయి కదా, అవి వేయాల్సిందేమో అన్నాను నాన్నతో. సాగర్ కాలువ కింద వరి చేసిన రోజుల్లో మడిలో దమ్ము చేయడానికి ట్రాక్టరుకు ఇనప చక్రాలు బిగించేవాళ్లు. అవి గుర్తొచ్చినట్టున్నాయి.

“ఆ దమ్ము చక్రాలతో నర్సరావుపేట పోతామంట్రా? వాన పడ్డరోజు పోబాక. ఒక పూట ఎండ కాస్తే అదే గట్టిపడుద్ది.”

ఈ వానాకాలంలో అలా ఆగిపోయిన రోజులు నాలుగు. ఆ నాలుగు రోజులూ ఆయన అరుగు మీద కూర్చుని, మబ్బు విడిచిందా లేదా చూస్తూ, నా మీటింగులన్నీ విన్నారు. ఇప్పుడు మా టీమ్‌లో ఎవరి పని ఎక్కడ ఆగిందో నాకంటే ముందు ఆయనే చెప్తున్నారు.