మేమూ యూరప్ చూసొచ్చాం

యూరప్ టూర్ అనగానే మీకేం గుర్తొస్తుంది? ఈఫిల్ టవర్ ముందు ఫొటో, మంచులో చీర మీద స్వెట్టరు, సంచీలో ఆవకాయ సీసా. అవన్నీ మేమూ చేశాం లెండి!

మావారిది వస్త్రలతలో హోల్‌సేల్ బట్టల కొట్టు. మా ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో దూరప్రయాణాలంటే తిరుపతి, కాశీ. అవీ వెంట పదిమంది చుట్టాలతో. కొట్టు పెద్దబ్బాయికి అప్పజెప్పాక, "ఎటైనా పోయొద్దామా?" అని ఆయనే అడిగారు. పోస్టాఫీసులో నా పేర వేసుకున్న డబ్బు అప్పుడే చేతికొచ్చింది. యూరప్ అన్నాను.

"ఆ డబ్బుతో నాలుగు జతల గాజులొస్తాయి కదే!" అంది మా తోటికోడలు. ఈ వయసులో ఆడవాళ్ళకి పరదేశాలేమిటని పిన్నత్తగారు. ఆవిడకి పోతం జానకమ్మగారి సంగతి చెప్పాను. 1870లలోనే మద్రాసు నుంచి ఓడెక్కి ఇంగ్లండు చూసొచ్చిన తెలుగావిడ. ఆమె పుస్తకం 1876లో ఇంగ్లీషులో అచ్చయింది. మనం విమానంలో కూర్చుని వెళ్ళడానికి జంకాలా చెప్పండి?

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. షెంజెన్ వీసా ఒక్కటి తీసుకుంటే 29 దేశాలు తిరగొచ్చు. ఇంగ్లండుకి మాత్రం వేరే వీసా కావాలి. పాలకోవా, నెయ్యి, పూతరేకులు సర్దకండి. బయటిదేశాల పాలపదార్థాలు, మాంసం అక్కడికి రానివ్వరు. కందిపొడి, అటుకులు, పులిహోర గుజ్జు హాయిగా పట్టుకెళ్ళొచ్చు. వేడినీళ్ళకి చిన్న కరెంటు కెటిల్ ఉంటే రాత్రి భోజనం బెంగే ఉండదు. చాలాచోట్ల బాత్‌రూముకి యూరో, యూరోన్నర పుచ్చుకుంటారు. చిల్లర మీ పర్సులోనే ఉంచుకోండి, మాటిమాటికీ ఆయన్ని అడగడం ఏం బావుంటుంది!

పారిస్‌లో టవర్ ఎక్కాం. 330 మీటర్ల ఇనుప కట్టడం, 1889 నాటిది. స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రావ్‌యోక్ అనే మంచుకొండ మీదికి రైల్లో వెళ్ళాం. 3,454 మీటర్ల ఎత్తున స్టేషను! ఆ రైలు 1912 నుంచీ నడుస్తోందట. పైన నాలుగడుగులేస్తే ఆయాసం. అంతవరకూ ఎప్పుడూ నాకు పదడుగుల ముందు నడిచే మనిషి అక్కడ ఆగి, "మెల్లగా రా" అంటూ చెయ్యందించారు. కొండగాలి మహిమ అనుకున్నాను.

అసలు చెప్పాలనుకున్నది వెనిస్ గురించి. నూట పాతిక్కి కాస్త తక్కువ చిన్నచిన్న దీవులు, నాలుగొందల పైచిలుకు వంతెనలు. కార్లూ బస్సులూ ఊరి అంచునే ఆగిపోతాయి. లోపలంతా నడక, లేదా పడవ. గొండోలా అనే నల్లటి సన్నపడవలో పగలు అరగంట తిప్పడానికి పడవకి 90 యూరోలు. దగ్గర దగ్గర తొమ్మిది వేలు! "ఏమండీ, మనకి కాలువలు కొత్తా?" అన్నాను. టూరువాళ్ళు మిగతావాళ్ళని గాజుసామాను చూపించడానికి తీసుకుపోయారు. మేమిద్దరం గంటన్నరసేపు ఓ కాలువ మెట్లమీద కూలబడ్డాం.

పచ్చటి నీళ్ళు, నాచుపట్టిన గోడలు, ఆ వాసనా... నాకు మన బెజవాడే గుర్తొచ్చింది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. 1855లో కృష్ణ మీద పాత ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలే చాన్నాళ్ళు మనకి రోడ్లు. మా అమ్మ పెళ్ళికి మగపెళ్ళివారు బందరు కాలువలో పడవమీదే వచ్చారట. ఆ కథంతా ఆయనకి చెప్పాను. చిత్రమేమిటంటే, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పేంత తీరికగా ఇద్దరం ఎక్కడ కూర్చున్నాం గనక!

కాసేపు ఊరుకుని ఆయన, "అన్నయ్య ఏలూరు కాలువలో పోయాడు" అన్నారు.

చిన్నతనంలోనే పోయిన బావగారొకరున్నారని నాకు తెలుసు. జ్వరమొచ్చి పోయాడని మా అత్తగారు చెప్పేవారు. జ్వరం కాదట. అన్నదమ్ములిద్దరూ ఈతకి దిగారు. ఈయనకి తొమ్మిదేళ్ళు, ఆయనకి పన్నెండు. ఈయన్ని గట్టుకి తోసిన చెయ్యి మళ్ళీ కనబడలేదట. ఇంట్లో ఆ మాట ఎత్తకూడదని మావగారి ఆన. ఆ కొడుకు పేరు కూడా ఆ తర్వాత ఎవరూ పలకలేదట.

2004లోనూ, 2016లోనూ కృష్ణా పుష్కరాలకి మేమంతా స్నానాలు చేస్తుంటే ఈయన చెప్పులు కాపలా కాస్తానని గట్టుమీదే నిలబడ్డారు. పిల్లల్ని ఈతకి పంపుతానంటే ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. చాదస్తం అనుకునేదాన్ని. మీ ఇంట్లో అయితే మీరైనా అంతే అనుకుంటారు కదూ?

నేనేమీ అనలేదు. ప్లాస్కులోని కాఫీ ఇద్దరం పంచుకున్నాం. ఎదురుగా పడవవాడు ఎవరో జంటకి గట్టిగా పాట పాడుతున్నాడు. "బావగారి పేరేమిటండీ?" అని అడిగాను. చెప్పారు. ఆయన నోట ఆ పేరు వినడం నాకదే మొదలు.

తర్వాత రోమ్ కూడా చూశాం. బావుంది. కాళ్ళు మాత్రం పీకేశాయి.

వచ్చాక గాజుల సంగతి తోటికోడలు మళ్ళీ ఎత్తింది. నవ్వి ఊరుకున్నాను. మొన్న పెత్తర అమావాస్యకి మాత్రం మా ఇంట్లో ఓ విస్తరి ఎక్కువ వేయించారు మావారు. ఎవరికోసమని పిల్లలు అడిగితే, కూర్చోబెట్టి తనే చెప్పారు.