పక్క సీటు తప్పు, మన రాత్రి నిద్ర



కాట్పాడిలో రైలెక్కి చెన్నైకో బెంగళూరుకో వెళ్లి సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. పండక్కి వేలూరులోనో గుడియాత్తంలోనో కలిస్తే ముందు వచ్చే మాట ఒకటే: "పక్క సీటువాళ్లకు పని రాదు, వాళ్లదీ మేమే చేస్తున్నాం." మాలో ఒకమ్మాయి ఇలా రెండేళ్లు మోసి, ఆరోగ్యం చెడి, ఉద్యోగమే మానేసి ఇంటికి వచ్చేసింది. పెద్దలందరూ ఆమెకు చెప్పింది "సర్దుకుపో తల్లీ" అనే. అందుకే ఇది రాస్తున్నాం.

పని రానివాళ్లందరూ ఒక రకం కాదు. కొందరికి ఎవరూ నేర్పలేదు. వారం రోజులు పక్కన కూర్చుని చెబితే అందుకుంటారు. కొందరికి తెలిసిన పని ఒకటి, అప్పగించింది ఇంకొకటి. ఆ సంగతి మేనేజర్‌కు చెప్పాలి. ఇంకొందరికి నేర్చుకోవాలనే ఉండదు. జాగ్రత్త వీళ్ల దగ్గరే.

మేము పనిచేసిన ఒక కంపెనీలో ఒకాయన టెస్ట్ చేయకుండానే కోడ్ చేర్చేవారు. శుక్రవారం సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లేవారు, రాత్రి ఫోన్ మాకు మోగేది. మేము ఆయనతో గొడవ పెట్టుకోలేదు. ఇంకొకరు చూసి సరే అంటే తప్ప ఎవరి కోడూ చేరకూడదని, టెస్టులు పాస్ కాకపోతే సిస్టమే ఆపేయాలని టీమ్ మొత్తానికి నియమం పెట్టించాం. మాకూ అదే నియమం. కొన్ని నెలల్లో రాత్రి ఫోన్లు తగ్గాయి. ఆయనకు పని పూర్తిగా వచ్చేసిందని కాదు, ఆయన తప్పు ఆయన దగ్గరే ఆగింది.

ఇది కొత్త ఉపాయమేమీ కాదు. ఐబీఎంలో మైకేల్ ఫేగన్ 1976లోనే కోడ్‌ను కొందరు కలిసి తనిఖీ చేసే పద్ధతిని ప్రచురించారు. గుడియాత్తంలో మగ్గం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పడుగులో పోగు తెగితే అక్కడే ఆపి ముడివేయాలి. ఆపకపోతే లుంగీ పొడవునా ఆ గీత సాగిపోతుంది.

ఒక్కోసారి చేతకానితనంలా కనిపించేది పద్ధతి లేకపోవడమే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశారు. చూస్తే రోజువారీ బ్యాకప్‌లు పనిచేయడం లేదు. సుమారు 6 గంటల ముందు తీసిన ఒక కాపీ ఉండబట్టి మిగతాది దక్కింది. ఆ కంపెనీ మనిషి మీద తోసేయకుండా, ఎక్కడెక్కడ లోపముందో అందరికీ తెలిసేలా రాసి పెట్టింది.

పిల్లలకు మేము చెప్పేది రెండు మాటలు. పక్కవాళ్ల పని గుట్టుగా పూర్తిచేయవద్దు. చేస్తే మేనేజర్ లెక్కలో అంతా సవ్యంగానే ఉన్నట్టు. ఫిర్యాదు చేసేటప్పుడు మనిషి గురించి కాక పని గురించి, తేదీతో సహా రాయండి: ఏది ఆగింది, ఎన్ని గంటలు పోయాయి.

ఇంటి పెద్దలకు ఒక మనవి. ఈసారి బిడ్డ ఈ బాధ చెప్పుకుంటే "సర్దుకుపో" అనకండి. "రాసి పెట్టావా? మేనేజర్‌తో మాట్లాడావా? రాత్రి నిద్రపోయావా?" అని అడగండి.