బేగంపేటలో నొక చిన్న కొలను

గత శ్రావణమున మేము బేగంపేటలోని మా చెల్లెలి యింటికి బోయితిమి. పెరటికొలను నిండ అంతరతామర క్రమ్మి, అడుగుటాకులు క్రుళ్లుచుండెను. పిల్లవానికి చలిజ్వరము తగ్గి వారమైనది. కొలను పూడ్పింపవలెనని అత్తగారు; వలదని చెల్లెలు.

మఱునాడు పాత విమానాశ్రయము చెంత రొనాల్డు రాసుగారి స్మారకభవనమును జూచితిమి. దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన 1897 ఆగష్టు 20వ తేదీన గనుగొన్నది ఈ బేగంపేటలోనే. శత్రువు దోమయని యెఱిగిన పిమ్మట కొలను పూడ్చ నేల?

సగము మొక్కలను దీసి యెరువుగుంటలో వేసితిమి. నీటిలో సగపాలు ఎల్లప్పుడును వెలుతురు సోకవలెను. పండుటాకులను వారమున కొకమా రేరవలెను. వేసవిలో నడుమధ్యాహ్నపు టెండకు నీడ గల్పించి, తఱిగిన నీటిని నింపవలెను. కొళాయినీరైనచో నొకదినము నిలువయుంచి పోయుట మేలు. ఒక జాతి దోమపిల్లలు ఈ మొక్కల వేళ్లనే పట్టుకొని యూపిరి పీల్చును. కావున వేళ్లను జాడించి చూడవలెను. వానిని దినుటకు గప్పీచేపలను విడిచితిమి. తీసిన మొక్కలను చెరువులలో బాఱవేయరాదు. హుస్సేనుసాగరమున గుఱ్ఱపుడెక్క పెట్టిన బాధ నెఱిగినవారికి కారణము చెప్ప నక్కఱలేదు.

మొన్న చెల్లెలు జాబు వ్రాసినది. పిల్లవాడు కులాసా, మొక్కలు క్రొత్త పిలకలు వేసినవి. ఉదయము పూజకు పూలు గోయుచు అత్తగారే పండుటాకుల నేరుచున్నారట!