ఫిడేలు విద్యలో కడపటి పాఠము

ఆడపిల్లకు సంగీతము చెప్పించు గృహములకు నేడు మన దేశమున కొదువలేదు. వర్ణములు, కృతులు పట్టుబడి, బాలిక పరీక్షలో కృతార్థురాలై పత్రము చేతబట్టుకొని వచ్చినంతనే, “ఇక చాలును, చదువు ముగిసినది” యని గురువుగారికి తాంబూలమిచ్చి పంపివేయుటయు అంతే సామాన్యమైనది. సోదరీమణులారా, ఆ తాంబూలమునకు తొందరపడవలదని మా మనవి. వ్రేళ్ళ చదువు ముగిసినచోటనే భావపు చదువు మొదలగుచున్నది.

మా కాపురము శంషాబాదున. 2008 మార్చిలో ఇచట విమానాశ్రయము తెఱచిన నాటినుండి ఈ యూర నిశ్శబ్దము కఱవైనది. ఇట్టిచోటనే, మా పొరుగింట, ప్రతి యాదివారము వృద్ధ విద్వాంసులొకరు కచేరీలకు సిద్ధమగుచున్న నలుగురైదుగురు శిష్యులకు ఫిడేలు పాఠము చెప్పుచుందురు. ఒకరు వాయింతురు, తక్కినవారు విందురు. దిద్దుబాటు ఒకరికి, లాభము అందఱికి. మేమును ఒక మూల చాపపై కూర్చుండి విందుము. ఫిడేలు పట్టుట మాకు రాదు. అయినను, చిన్ననాట తండ్రిగారు చెప్పిన కావ్యముల మూలమున మాటలోని రుచి కొంత యెఱుగుదుము.

ఆ శిష్యులలో పరీక్షలన్నియు ముగించిన యొక బాలిక కలదు. పెండ్లి మాటలు నడచుచున్నవి గనుక పాఠము మాన్పింపవలెనని తల్లి తలపోయుచుండెను. ఒకనాడు ఆ బాలిక ఒక కృతి వాయించెను. స్వరము తప్పలేదు, తాళము తప్పలేదు. వినువారి మనస్సును కదలలేదు. గురువుగారు తప్పెంచక, “ఫిడేలు క్రిందబెట్టి ఆ పల్లవి చదువుము తల్లీ” యనిరి. చదివినది. అర్థ మడిగిరి. చెప్పలేక తలవంచుకొన్నది. అంతట వారు మావైపు తిరిగి, “అమ్మా, మీరు చెప్పుడు” అనిరి. మేము పదము పదము విడదీసి, భక్తుడు దైవముతో నిష్ఠుర మాడుచున్నాడని చెప్పితిమి.

“నిష్ఠురమాడువాడు మాటను నడుమ త్రుంచునా?” యని గురువుగారి ప్రశ్న. గాయకుడు మాట ముగిసినచోట ఊపిరి తీయును. ఫిడేలునకు కమానే ఊపిరి. “దయగలవాడా” యను పిలుపులో “దయగ” యనువఱకు కమాను పోయి, “లవాడా” యనుటకు వెనుదిరిగినచో స్వరము నిలుచును గాని పిలుపు నిలువదు. ఇదియే ఆ బాలిక వాదనమున నున్న కొఱత. గురువుగారు మఱియు నిట్లనిరి: “నిదురబుచ్చునపుడు తల్లి ‘నాయనా’ యనును, వీధిలోనికి పరుగెత్తు బిడ్డ నాపునపుడును ‘నాయనా’ యనును. మాట యొక్కటే. మొదటిదానికి కమాను తేలికగా, నిడుపుగా సాగవలెను. రెండవదానికి ఒత్తి, వేగముగా లాగవలెను.” బాలిక ఆ పల్లవిని ఎన్నిమారులో వాయించినది. విమానము పోవునపుడెల్ల ఆగి, మ్రోత అణగిన పిమ్మట మఱల నెత్తుకొన్నది. తుదకొకమారు ఆ నిష్ఠురము వినబడెను. గడపయొద్ద నిలిచియున్న తల్లి కొంగుతో కన్నులద్దుకొని, వచ్చు ఆదివారము పాఠము ఎన్ని గంటలకని యడిగినది.

ఈ బోధ ఆంధ్రులకు క్రొత్తది కాదు. 1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసెను. ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు. ఫిడేలు ఆచార్యులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు. 1936లో వీరే అధ్యక్షులైరి. పాశ్చాత్యుల కమాను పద్ధతిని శ్రద్ధతో పరిశీలించి, దానిని మన గానమునకు లోబఱచుకొని, పక్కవాద్యమైన ఫిడేలునకు ఒంటిగా కచేరీ చేయు గౌరవమును గడించిరి. 1941లో సంగీతకళానిధులైరి. ఆ విజయనగరముననే జన్మించిన అవసరాల కన్యాకుమారిగారు 2016వ సంవత్సరమునకు అదే బిరుదమును ఫిడేలు విద్వాంసురాలిగా పొందిరి. పరీక్షా పత్రముతోనే తృప్తిపడియున్నచో ఇట్టి కీర్తి మన స్త్రీలకు దక్కెడిదా?

ఫిడేలునకు పెద్దక్కవంటి చెల్లో యను వాద్యమును పాశ్చాత్యులు మోకాళ్ళ నడుమ నిలిపి వాయింతురు. దానిలో మేటియైన పాబ్లో కసాల్స్ పదుమూడవయేట బార్సిలోనా నగరపు టంగడిలో బాఖ్ రచనల ప్రతి దొరకగా, పండ్రెండేండ్లు సాధన చేసినగాని వానిని సభలో వాయింప సాహసింపలేదట. ఆయనయే ఎనుబదేండ్లు దాటిన పిమ్మట, 1960లో, అమెరికాలోని బర్క్‌లీ నగరమున, ఆఱితేఱిన శిష్యులను సభలో వాయింపించి, వారి స్వరములకు ప్రాణము పోయుట నేర్పెను. దేశము వేఱైనను పాఠ మొక్కటే.

కావున తల్లులారా, మీ బిడ్డ సాధన చేయునపుడు వంటపని ఒక గడియ యాపి దగ్గఱ కూర్చుండుడు. కృతి యర్థ మడుగుడు. తెలియనిచో కూడి తెలిసికొనుడు. ఎంత వేగముగా వాయించినదని మెచ్చుకొనక, ఏచోట మీ మనస్సు కరగినదో, ఏచోట కరగలేదో చెప్పుడు. అందుకు శాస్త్రము రానక్కఱలేదు. జోలపాడి బిడ్డను నిదురబుచ్చిన ప్రతి స్త్రీకిని స్వరములో భావమెట్లుండునో తెలియును. ఆ తెలివిని బిడ్డ కమానునకు అందిచ్చుటయే కడపటి పాఠము.