మేనత్త ప్రశ్న

వార్ధక్యమున మనుష్యుడు కోరునది మేడ కాదు, పిలిచినంతనే పలుకు తోడు. సంతానము లేని మేనత్తను వృద్ధాశ్రమమున చేర్పనెంచి, మేనల్లుడొకడు ఆమెతో కలిసి యొక చిన్న ఆశ్రమమును చూడబోయెను. తెల్లని గోడలను, పూలమొక్కలను చూచి యాతడు సంతసించెను. మేనత్త స్నానపుగదిలోనికి తొంగిచూచి, "నాయనా! పట్టుకొనుటకు గోడకు కమ్మి లేదు. రాత్రివేళ పడిపోయినచో లేవనెత్తువా రెవరు?" అని యడిగెను. నిర్వాహకుడు తలవంచుకొనెను.

2007వ సంవత్సరపు చట్టము వృద్ధుల పోషణభారమును సంతానముపైనను, సంతానము లేనిచో వారి యాస్తికి వారసులగు బంధువులపైనను ఉంచినది. అన్నము, వస్త్రము, వసతి, వైద్యము అందు చేరినవి. మనసెరుగుట మాత్రము బంధువుల వంతు.

వేరొక యాశ్రమమున మేనల్లుడు గోడలను చూడలేదు. రాత్రి ఆయా యుండునో లేదో కనుగొనెను; భోజనవేళ వృద్ధుల ముఖములను చూచెను. తుదకు, "అత్తయ్యా! మీకు సమ్మతమేనా?" అని యడిగెను. ఆ ప్రశ్న మొదటనే అడుగవలసినది.