పసివాళ్ల క్యాన్సరు

క్యాన్సరు పెద్దల జబ్బని మనలో చాలామంది నమ్మకం. పిల్లలకు వస్తే ఇక ఆశ లేదన్నది మరో నమ్మకం. రెండూ నిజం కావు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ ఈ చికిత్సలో వాడుతున్నారు. సంపన్న దేశాల్లో క్యాన్సరు వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా కోలుకుంటున్నారు.

మా పెందుర్తిలో నేనెరిగిన ఒక ఇంట, మందుకన్నా ముందు గడప తొక్కినది "ఇంకేముంది!" అన్న ఇరుగుపొరుగు మాట. తల్లి బిడ్డతో అగనంపూడి క్యాన్సరు ఆసుపత్రిలో ఉండిపోయింది. తండ్రికి కూలి పోయింది. పెద్దపిల్ల బడి మాని వంట చేసింది. రక్తక్యాన్సరు చికిత్స తరచు రెండు మూడేళ్లు సాగుతుంది. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదముంది. ఇల్లు నిలబడితేనే చికిత్స నిలబడుతుంది.

మిత్రులారా, పిల్లల్లో తగ్గని జ్వరం, పాలిపోయిన ఒళ్లు, కారణం తెలియని కమిలిన మచ్చలు కనబడితే ఆలస్యం చేయక వైద్యునికి చూపించండి. అటువంటి ఇంటికి పరామర్శకు వెళ్తే జాలిమాటలు కట్టిపెట్టి, ఒక పూట క్యారేజీ పట్టుకెళ్లండి. ఆ ఇంటి రెండో బిడ్డ బడికి వెళ్తున్నదో లేదో కనుక్కోండి.