మోగిన ప్రతి ఫోనూ కాలేనా?

2004లో సంక్రాంతికి ఊరెళ్తే, మైపాడు దగ్గర ఓ రొయ్యపిల్లల హేచరీలో ఈపీఏబీఎక్స్ చూడమన్నారు. రాత్రుళ్ళు మెడ్రాసుకి ఎస్టీడీలు కొడుతున్నాడని వాచ్‌మన్ జీతం కోశారట.

"కూతురి ఇంటివోళ్ళకి చేస్తా అబ్బయా, ఎత్తితే గదా!" అన్నాడాయన.

సీరియల్ కార్డు పని ఒకటే. కాల్ అయ్యాక ఎక్స్‌టెన్షన్, నంబరు, వ్యవధి ఓ లైనుగా, బిట్టు తర్వాత బిట్టుగా ఆర్‌ఎస్-232 కేబుల్లో పీసీకి పంపడం. ఉప్పుగాలికి చిలుమెక్కిన పిన్నులు తుడిచి, 9600 స్పీడులో చూశా. కార్డు తప్పేమీ లేదు.

తిరకాసు అంతకుముందే ఉంది. అనలాగ్ లైన్లో పోలారిటీ రివర్సల్ లేకపోతే అవతల ఎత్తారో లేదో ఈపీఏబీఎక్స్‌కి తెలీదు. నంబరు నొక్కిన కొన్ని సెకన్లకి తనే లెక్క మొదలెట్టేస్తుంది. ఉత్త రింగులన్నీ ఈయన ఖాతాలో పడ్డాయన్నమాట!

టెలిఫోను బిల్లులో ఆ కాల్సే లేవని చూపించా. కోసిన డబ్బు సగమే తిరిగిచ్చారు.